రోడ్డు కంటే ముందు కాపలా పెట్టండి సార్: చింతకుంట బొమ్మల గురించి ఒక బహిరంగ లేఖ

కడప జిల్లా కలెక్టర్ గారికి, పురావస్తు శాఖ అధికారులకు, టూరిజం శాఖ వాళ్ళకు, ముద్దనూరు మండలం పెద్దలందరికీ నమస్కారం.

నేను ప్రొద్దుటూరులో ఇండ్లకు రంగులేసే పని చేస్తా. మా నాయన సున్నం కొట్టేవాడు, ఆయన వెనకాల బకెట్ మోసుకుంటా మొదలుపెట్టి సున్నం నుంచి డిస్టెంపర్, డిస్టెంపర్ నుంచి ఎమల్షన్, ఇప్పుడు టెక్స్‌చర్ దాకా వచ్చినా, 28 ఏండ్లయింది. చదువు ఇంటర్ వరకే. పురావస్తు శాస్త్రం నేను చదవలేదు గానీ గోడ తెలుసు, రంగు తెలుసు, ఏ రంగు ఎందుకు నిలబడుతుంది ఏది ఎందుకు రాలిపోతుంది అనేది చేతులకు తెలుసు, ఆ తెలిసినదాంతోనే మీకు ఒక విన్నపం చేసుకుంటాండా. చింతకుంట రాతి గుండ్ల మీద ఆదిమానవులు రంగుతో వేసిన పాతకాలం బొమ్మల గురించి. అక్కడికి మీరు రోడ్డు వేసేకంటే ముందు, షెడ్లు గేట్లు కట్టేకంటే ముందు, ఆ ఊరి మనుషుల్నే ఇద్దరు ముగ్గురిని జీతమిచ్చి కాపలాకి పెట్టండి. నేను అడిగేది ఇదొక్కటే, మిగతాదంతా ఎందుకు అడుగుతాండానో చెప్పేదానికి రాస్తాండా, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

సంక్రాంతి అయిపోయినాక వచ్చిన ఆదివారం నేనూ మా చిన్నాయన కొడుకూ పోయినాం. వాడు డిగ్రీ చదువుతాండాడు, వాళ్ళ సారు ఒకాయన క్లాసులో అడిగినాడంట, మన జిల్లాలోనే ముద్దనూరు పక్కన ఆదిమానవులు వేసిన బొమ్మలు రెండొందలకు పైగా ఉన్నాయి, మీలో ఎవరైనా చూసినారా అని, ఒక్క పిల్లోడు కూడా చెయ్యి ఎత్తలేదంట. వాడొచ్చి నాకు చెప్పినాడు. ఎక్కడో మధ్యప్రదేశ్‌లో భీమ్‌బేట్కా గుహల బొమ్మల గురించి పుస్తకంలో చదువుకుంటిమి, దాని తర్వాత దక్షిణాదిలో చెప్పుకోవాల్సింది ఇదేనంటారు, గంట ప్రయాణం దూరంలో పెట్టుకుని ఇన్నేండ్లు నేనూ పోలేదు. సరే ఈ ఆదివారం పోతాండాం అనుకున్నాం.

తెల్లార్తో 5కే బండి తీసినాం. ఎర్రగుంట్లలో టీ తాగి, జొన్నరొట్టె ఊరుబిండి కట్టుకున్న సద్ది సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని ముద్దనూరు దారి పట్టినాం, ఆర్‌టీపీపీ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు మంచులో సగం కనపడతా సగం కనపడక ఉండాయి. కలమళ్ళ కూడా ఈ చుట్టుపక్కలే కదా. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం, 6వ శతాబ్దంది, మనకు దొరికిన వాటిలో మొట్టమొదటి తెలుగు శాసనం ఆ ఊళ్ళోనే దొరికింది. మా తమ్ముడు బండి వెనకాల కూచుని చెప్తాండాడు, అన్నా, తెలుగులో రాసింది మొదట దొరికిందీ ఇక్కడే, అక్షరమే పుట్టని కాలంలో బొమ్మేసి చెప్పిందీ ఇక్కడే, అని. గాలికి సగం మాటలు పోయినా ఆ మాట మాత్రం చెవిలో పడింది.

ఊరు దాటినాక యాడ బండి ఆపాల, ఏ పక్క నడవాల అనేది ఈ లెటర్లో రాయను. మీకు తెలుసు. చదివేవాళ్ళు వేరేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి రాయను, లొకేషన్ కూడా ఎవరికీ పంపలేదు. నడక మాత్రం చెప్తా. కంపచెట్లు, రేగుపొదలు, మోకాలెత్తు బోదగడ్డి ఎండిపోయి పసుపు రంగులో ఉండింది, అడుగేస్తే గరగరమంటాది. పరుపుబండల మీద పొద్దున చల్లగా ఉంటాది గానీ 10 దాటితే జనవరిలో కూడా బండ వేడెక్కుతాది, మన కడప ఎండ మీకు చెప్పాల్సిన పని లేదు. వంక ఎండిపోయి ఇసుక మిగిలింది, ఒక బండ సందులో దోనలో మాత్రం వాన నీళ్ళు నిలిచి ఉండాయి, పైన తుమ్మెదలు. గండికోట దగ్గర పెన్నమ్మ లోయ చూసినవాళ్ళకు తెలుస్తాది ఈ రాయి ఎట్లుంటాదో, ఎవరో గోడ కట్టినట్టు వరస మీద వరస. మన కడప రాళ్ళు వంద కోట్ల ఏండ్లకు పైబడినవి అని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పినారు, అంత పాత గోడ మీద వేసిన బొమ్మలు సార్ ఇవి.

దారిలో ఒక పెద్దాయన గొర్రెలు తోలుకుంటా కనపడినాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. యాడికి నాయనా అన్నాడు. బొమ్మలు చూద్దామని పెద్దాయనా అంటే, మమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసినాడు, సంచి చూసినాడు, ఆ సంచిలో ఏముండాయి అన్నాడు. రొట్టెలు, నీళ్ళు అన్నాం. సుద్దముక్కలు, రంగు డబ్బాలు లేవు కదా అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు ఎందుకు అడిగినాడో. లేవు పెద్దాయనా అన్నాక, సరే రాండి, ఎద్దుల ఆవుల గుండు ఆ పక్క, నేనూ అటే పోతాండా అని ముందు నడిచినాడు.

ఎద్దుల ఆవుల గుండు. ఈ పేరు ఏ పరిశోధకుడూ పెట్టింది కాదు, గొర్రెలు మేకలు కాసుకునేవాళ్ళు తరతరాలుగా పిలుచుకునే పేరు. అంటే ఈ బొమ్మలు కొత్తగా ఎవరో వచ్చి కనిపెట్టేదాకా ఎవరికీ తెలియకుండా లేవు, వానొస్తే ఎండొస్తే ఆ గుండు కింద చేరే మనుషులకు ఎప్పుడూ తెలుసు. చదువుకున్న ప్రపంచానికి తెలిసింది ఆలస్యంగా.

గుండు కిందికి పోయి తల ఎత్తినాం. రాయి ఇంటి చూరు మాదిరి ముందుకు చొచ్చుకొచ్చి ఉంటాది, ఆ చూరు వల్లనే వాన నేరుగా తగల్లేదు, ఎండ నిలువునా పడలేదు, అందుకే ఇన్ని వేల ఏండ్లు మిగిలినాయి. మొదట ఏమీ కనపడలేదు, ఎర్రగా మరకలు మాదిరి ఉండాయి అంతే. పెద్దాయన కట్టె ఎత్తి, రాయికి జానెడు దూరంలోనే ఆపి, ఆడ మూపురం చూడు నాయనా అన్నాడు. అంతే, ఒక్క మూపురం కనపడేసరికి ఎద్దు మొత్తం బయటికొచ్చింది, దాని పక్కన ఇంకోటి, దాని వెనక జింక, పక్కన చేతులు చాచిన మనుషులు, కొన్ని ఏందో గీతలు, గళ్ళు. ఆ ఎద్దు మూపురం గీసిన తీరు చూస్తే వేసినోడు ఎద్దును బాగా ఎరిగినోడు అని తెలుస్తాది, ఒక్క గీతలో మెడ నుంచి మూపురం ఎక్కి నడుము మీదికి దిగినాడు, యాడా చెయ్యి ఆగలేదు. నేను బోర్డులు కూడా రాస్తా సార్, చెయ్యి ఆగకుండా ఒక్క ఊపులో వంపు తిప్పడం ఎంత కష్టమో తెలుసు. అంతకు మూడు రోజుల ముందే కనుమ పండక్కి మా మామ వాళ్ళ ఎద్దుల కొమ్ములకు నేనే రంగేసినా. ఆ గుండు కింద నిలబడితే ఒళ్ళు జలదరించింది.

ఇంక రంగు సంగతి. మా జేజి పండగ ముందర ఇల్లు అలికి, గోడ అడుగున జాజు పట్టీ వేసేది, ఆరినాక సున్నంలో వేలు ముంచి దాని మీద చుక్కలు, గీతలు పెట్టేది. ఎరుపు మీద తెలుపు. రాయలసీమ పల్లెల్లో పుట్టినవాళ్ళందరికీ ఈ గోడ గుర్తుంటాది. ఆ గుండు మీద ఉండేవి కూడా ఇవే రెండు రంగులు, ఎక్కువ జాజు ఎరుపు, కొన్ని తెలుపు. జాజు అంటే ఇనుప తుప్పే, మన్నులో కలిసిన తుప్పు. ఇప్పుడు ఇంటి గేట్లకు కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కూడా ఆ కులమే. తుప్పు రంగు ఎండకు వెలవదు, ఎందుకంటే అది ఇప్పటికే కాలి తుప్పుపట్టి మారాల్సినంత మారిపోయింది, ఇంక మారేదేం లేదు. మెత్తగా నూరి పూస్తే రాయి సందుల్లోకి ఇంకుతాది. తెలుపు అట్ల కాదు, అది పైన కూచుంటాది, సున్నం గోడకు చొక్కా రాసుకుంటే చొక్కాకి ఎట్లంటుతాదో మీకు తెలిసిందే. కాబట్టి ఆ గుండ్ల మీద ముందు పోయేది తెల్ల బొమ్మలు. ఒక్క చెయ్యి ఆనిస్తే చాలు, కొంచెం పోతాది, పది మంది ఆనిస్తే ఆనవాలు పోతాది. చేతి చెమట, జిడ్డు ఎర్ర వాటికి కూడా చేటే, జిడ్డు మీద దుమ్ము పట్టి నల్లటి పొర కట్టేస్తాది, స్విచ్ బోర్డు చుట్టూ గోడ ఎట్లా మాసిపోతాదో అట్ల.

మేం ఇండ్లల్లో పాత గోడ గీకేటప్పుడు పైన పచ్చ, దాని కింద నీలం, దాని కింద సున్నం కనపడతాది, ఏ కోటు ముందుదో ఏది తర్వాతదో చూసి ఇల్లు ఎన్ని చేతులు మారిందో చెప్పేయొచ్చు. శాస్త్రవేత్తలు కూడా ఇట్లనే చూస్తారని మా తమ్ముడు చెప్పినాడు, ఏ బొమ్మ మీద ఏ బొమ్మ పడింది అనేదాన్ని బట్టి. జాజులో కార్బన్ ఉండదు కదా, వయసు నేరుగా తేల్చేది కష్టం, బంక మాదిరి ఏదన్నా కలిపి ఉంటే, లేదా బొగ్గుతో వేసి ఉంటే తప్ప. అందుకే ఆ కోట్లు చెదరకుండా ఉండడం ముఖ్యం. దాని మీద మనం పొగ పెట్టినామంటే, కొత్త బొగ్గు మసి పాతదాంతో కలిసిపోయి రేపు ఎవరో మంచి మిషన్ తెచ్చినా లెక్క తప్పుతాది.

పొగ అని ఎందుకంటాండానంటే చూసినా కాబట్టి. ఏ గుండు అనేది చెప్పను, అక్కడ ఇంకో గుండు కింద మూడు రాళ్ళ పొయ్యి, బొగ్గులు, కోడి ఎముకలు, ప్లాస్టిక్ గ్లాసులు. పైన రాయి అంతా మసి. ఒక జింక బొమ్మ చుట్టూ తెల్ల సుద్దతో గీత గీసినారు, ఫొటోలో బాగా కనపడాలని. పక్కన రెండు పేర్లు, మధ్యలో గుండె గుర్తు, రాయితో గీకి రాసింది. పెద్దాయన సుద్దముక్కలు ఉండాయా అని అడిగింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆయన ఏం చెప్పినాడంటే, మొన్న ఒక బ్యాచీ వచ్చి బాటిల్ నీళ్ళు విసిరి కొడతాండారు బొమ్మల మీద, తడిస్తే రంగు ముదురుగా కనపడతాది కదా, ఫొటో కోసం. వద్దు నాయనా అన్నాడంట ఆయన. నువ్వెవరు మాకు చెప్పేదానికి అన్నారంట.

సార్, ఈ లెటర్ అంతా ఆ ఒక్క మాట కోసమే. నువ్వెవరు చెప్పేదానికి. డెబ్భై ఏండ్ల మనిషి, చిన్నప్పటి నుంచి ఆ గుండు నీడలో సద్ది తిన్న మనిషి, దానికి ఆయన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆయన చేతిలో కాగితం లేదు. ఆ కాగితం మీరే ఇయ్యాల.

నీళ్ళ సంగతి ఇంకొంచెం చెప్తా, ఇది మాత్రం నాకు బాగా తెలిసిన విషయం. నీళ్ళే కదా, ఆరిపోతాయిలే అనుకుంటారు. మన పక్క బోరు నీళ్ళల్లో ఎంత ఉప్పు ఉంటాదో బకెట్ అంచు చూస్తే తెలుస్తాది. నీళ్ళు రాయిలోకి దిగి, లోపలి ఉప్పును కూడా కరిగించుకుని, ఆరేటప్పుడు పైకి తెచ్చి అక్కడ వదిలేస్తాయి. ఆ ఉప్పు గడ్డకట్టి పెరిగి పై పొరను లోపలి నుంచి తోస్తాది. ఇంట్లో గోడకు చౌడు పట్టి పెచ్చులు ఊడిపోయేది ఇట్లనే. ఇంటి గోడ అయితే గీకి, లప్పం పెట్టి, మళ్ళీ రంగేస్తాం. పెచ్చు మీద మూపురం ఉంటే ఏం చేస్తాం? పైగా ఇప్పుడు నీళ్ళు చల్లాల్సిన పనే లేదు, డీస్ట్రెచ్ అని కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, మామూలు ఫొటో తీసి దాంట్లో వేస్తే కంటికి కనపడని ఎరుపు కూడా పైకి లేస్తాది. మా తమ్ముడు ఇంటికొచ్చినాక ఒక ఫొటో అట్ల చేసి చూపించినాడు, మేం ఖాళీ బండ అనుకున్నచోట ఇంకో రెండు జంతువులు ఉండాయి.

ఇంకో భయం కూడా చెప్పాల. ఇవన్నీ మీ దృష్టికి వచ్చినాక మంచి మనసుతోనే ఎవరైనా శుభ్రం చేయిద్దాం అనొచ్చు. దయచేసి మాలాంటి పనోళ్ళకు కాంట్రాక్టు ఇయ్యొద్దండి. నేను రంగుల పనోడిగా చెప్తాండా, మా చేతిలో ఉండేవి వైర్ బ్రష్, ఎమ్రీ పేపర్, యాసిడ్. ఆ గీతలు పోతాయి, దాంతో పాటు కింద బొమ్మ కూడా పోతాది. పైన వార్నిష్ కొట్టి కాపాడదాం అనే ఆలోచన కూడా వద్దు, రాయి ఊపిరి తీసుకోవాల, పైన మూసేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక కొన్నాళ్ళకు వార్నిష్ పొరతో పాటు రంగు కూడా ఊడి చేతికొస్తాది. వెలిసిన బొమ్మలను కొత్త రంగుతో దిద్దిస్తాం అని మాత్రం అసలు అనొద్దు. రాతి మీది రంగుకు పని చేసే రసాయన శాస్త్రం చదివినవాళ్ళు పురావస్తు శాఖల్లో ఉంటారు, వాళ్ళొచ్చి చూసి చెప్పేదాకా సుద్ద గీత కూడా ఎవరూ తుడవకూడదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. గండికోటకు 2024లో కేంద్రం 77 కోట్లకు పైగా మంజూరు చేసింది, సంతోషం, మన జిల్లాకు నలుగురూ వస్తే హోటలోడికి, ఆటోవాడికి, నాలాంటి పనోడికి కూడా నాలుగు రూపాయలు వస్తాయి. దానికి నేను అడ్డం కాదు. కానీ గండికోటకు వచ్చినోళ్ళు ఒక పూట అక్కడ తిరిగి ఇంకేముంది చూసేదానికి అని అడుగుతారు, ఎవరో ఒకరు చింతకుంట పేరు చెప్తారు, ఈ రోజుల్లో ఒక వీడియో చాలు. ఇప్పటిదాకా ఆ గుండ్లను కాపాడింది ఏ చట్టమూ కాదు, ఆ కంప, ఆ ఎండ, ఆ నడక. బద్ధకం ఉన్నోడు అంతదూరం రాడు. మీరు గుండు కాడికి కారు పోయేటట్టు తారు రోడ్డు వేస్తే ఆ కంచె పోతాది, కంచె తీసేసినాక కాపలా పెట్టాల్నా, కాపలా పెట్టినాక కంచె తీయాల్నా, చేను కాపాడుకునే రైతును అడిగినా చెప్తాడు.

అమెరికాలో యూటా అని ఎడారి రాష్ట్రం ఉంది, అక్కడ హార్స్‌షూ కాన్యన్ అనే లోయలో మనిషి కంటే ఎత్తు బొమ్మలు ఉండాయి, అవీ ఎర్రవే, వేల ఏండ్లవి. అంత డబ్బున్న దేశం, లోయలోకి కార్లు పంపలేక కాదు. పంపరు. పైన బండి ఆపి లోయలోకి దిగి, ఇసుకలో నడిచి, మళ్ళీ ఎక్కి రావాల, పోను రాను 7 మైళ్ళు, అంటే 11 కిలోమీటర్లు. కుక్కల్ని కూడా రానీరు. మన భీమ్‌బేట్కానే చూడండి, 1957లో పురావస్తు పరిశోధకుడు వాకణ్కర్ గారు రైల్లో పోతా ఆ కొండలు చూసి దిగి పోయి వెతికి బయటపెట్టినాడు, 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఏడొందలకు పైగా గుహలు గుండ్లు ఉంటే జనానికి చూపించేది పది పదిహేనే, మిగతావి వదిలేసినారు. ఫ్రాన్స్‌లో లాస్కో గుహ 1948లో జనానికి తెరిచినారు, 1963కే మూసేసినారు, లోపల అంతమంది ఊపిరి విడిచేసరికి బొమ్మలు పాడవుతాండాయని. మనది తెరిచిన గుండు, ఊపిరితో భయం లేదు. మన భయం చేతులు, నీళ్ళు, పొగ. ఈ మూడూ మనిషి ఎదురుగా నిలబడి వద్దంటే ఆగిపోయేవే, దానికి పెద్ద మిషన్లు ఏం అక్కర్లేదు.

బళ్ళారి మనకు దూరం కాదు. అక్కడ కుప్గల్ కొండ మీద కొత్త రాతియుగం మనుషులు రాళ్ళలో చెక్కిన ఎద్దులు ఉండాయి, పొడుగు కొమ్ములవి, అక్కడి కొన్ని రాళ్ళు కొడితే గంట మాదిరి మోగుతాయంట. ఆ కొండను కంకర కోసం కొడతాంటే కొన్ని పోయినాయి, 2004లో పరిశోధకులు అది బయట ప్రపంచానికి చెప్పినారు. మన ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు పక్క రాయి మీదే బతుకుతాండాం, నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, అవి లేకపోతే ఎన్నో కుటుంబాలకు కూడు లేదు, అది నాకూ తెలుసు. ఈ గుండ్లు ఉండే కొండల దగ్గర మాత్రం లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి మ్యాప్‌లో చూడండి అని వేడుకుంటాండా. 1958 చట్టం ప్రకారం కేంద్రం రక్షణలో ఉండేవాటి చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు పర్మిషన్ ఉంటేనే. పాడు చేస్తే 2 ఏండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా ఫైను అని 2010లో మార్చినారు. మన రాష్ట్రానికీ 1960 నాటి చట్టం ఉంది. ఏ గుండు ఏ లిస్టులో ఉందో, దాని హద్దు యాడ మొదలవుతాదో, ఊళ్ళో పిల్లోడికి కూడా తెలిసేటట్టు తెలుగులో రాసి పెట్టండి.

మన పక్క ఈ సంపద ఒక్కచోటే కాదు కూడా. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా, బనగానపల్లె పక్కన జ్వాలాపురంలో సుమారు 74,000 ఏండ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద ఇప్పటికీ పొరగా ఉంది, ఆ బూడిద కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికినాయి, 2007లో లోకమంతా దాని గురించి రాసింది. ఆ లోయలో కూడా రాతి మీద బొమ్మలుండాయి. ఓర్వకల్లు పక్క కేతవరంలో ఉండాయి. చింతకుంటలో కాపలా పెట్టి రెండేండ్లు నడిపి చూపిస్తే అదే పద్ధతి వాటికీ పనికొస్తాది.

ఈ మాటలు చెబుదామని నేను ఫొటోలు ప్రింటు తీసుకుని ఒక ఆఫీసుకు పోయినా. ఏ ఆఫీసు అనేది చెప్పను, అక్కడి మనిషి మర్యాదగానే మాట్లాడినాడు, కూర్చోమన్నాడు, నీళ్ళిచ్చినాడు. రాసి ఇచ్చిపో అన్నాడు. రాసిచ్చినా. రోడ్డు పడితే అన్నీ అవే బాగవుతాయిలే అన్నాడు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనీలేదు. మళ్ళీ రెండుసార్లు పోయినా, నా కాగితం యాడుందో ఎవరికీ తెలియలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందరా రాస్తాండా.

ఖర్చు ఎంతవుతాది సార్? ముగ్గురు మనుషులు, నెలకు తలా 12 వేలో 15 వేలో. ఒక కిలోమీటరు రోడ్డు లెక్కతో పోలిస్తే అది ఏ మూలకు. వాళ్ళకు ఒక గుర్తింపు కార్డు, ఒక చొక్కా, ఒక విజిల్, ఫోన్ చేస్తే ఎత్తే ఒక పోలీసు నంబరు. గొర్రెల కాపర్లనే తీసుకోండి, వేరే ఊరి ఏజెన్సీ మనిషిని తెచ్చి కుర్చీలో కూచోబెడితే వాడికి ఏ గుండు కింద ఏముందో తెలియదు, ఎండకు వాడే పారిపోతాడు. ఈ పెద్దాయనకైతే ప్రతి మూపురం తెలుసు. ఆడోళ్ళు కూడా కట్టెలకు, మేతకు ఆ పక్క పోతాంటారు, వాళ్ళకూ ఇయ్యండి. చూసేదానికి వచ్చినోళ్ళు ఊళ్ళో పేరు రాసి, ఒక మనిషిని వెంటబెట్టుకునే పోవాల, తలకు యాభయ్యో వందో ఇయ్యాల, ఆ డబ్బు ఊరికే. ఒకసారికి పది మంది కంటే ఎక్కువ పోకూడదు. బండి ఊళ్ళోనే ఆపాల. ఎండాకాలం మూడు నెలలు మధ్యాహ్నం ఎవరినీ పోనియ్యకపోయినా పర్లేదు, వాళ్ళ ప్రాణానికీ మంచిదే.

దాంతోపాటు ఇంకో పని, ఇది ఆలస్యం అయ్యేకొద్దీ నష్టం. ఉన్న ప్రతి బొమ్మనూ, ప్రతి గుండునూ ఇప్పుడే కొలతలతో ఫొటోలు తీయించి పెట్టండి. చుట్టుపక్కల కాలేజీ పిల్లోళ్ళు చాలామంది ఉచితంగా వస్తారు, నేర్పించేవాళ్ళుంటే. సంవత్సరానికి ఒకసారి అదే చోట నిలబడి అదే ఫొటో తీస్తే ఏం పోయిందో ఏం మిగిలిందో తెలుస్తాది. పోయినాక ఎంత పోయిందో కూడా తెలియకపోవడం ఉంది చూడండి, అది నాకు అన్నిటికంటే బాధ. మా జేజి వేసిన జాజు గోడ ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఆ ఇల్లు పడగొట్టి మిద్దె కట్టుకున్నాం, గోడకు ఎమల్షన్ నేనే వేసినా. ఆమె చుక్కలు ఏ వరసలో పెట్టేదో ఎంత గుర్తు తెచ్చుకున్నా ఇప్పుడు రాదు.

మేం తిరిగొచ్చేటప్పుడు పొద్దు వాలతాండింది. దోన దగ్గర కూచుని ముగ్గురం రొట్టెలు తిన్నాం, పెద్దాయనకు ఊరుబిండి బాగా నచ్చింది, మా ఇంటామెకు చెప్పమన్నాడు. మా తమ్ముడు అడిగినాడు, తాతా, ఆ బొమ్మలు ఎవరేసినారనుకుంటావు అని. ఎవరేస్తారు నాయనా, నాలాగ ఎద్దులు కాసుకునేవాళ్ళే, పొద్దుపోక వేసింటారు అన్నాడు. కాసేపాగి, పొద్దుపోకంటే అంత బాగా రాదులే, ఇష్టంగా వేసినారు అన్నాడు. లేచి గొర్రెలను అదిలించుకుంటా, మీరు ప్రొద్దుటూరులో పెద్దోళ్ళకు ఎవరికైనా చెప్పండి, నేనింకెన్నాళ్ళు తిరుగుతానో, నా కొడుకు బెంగుళూరులో ఉండాడు, మనవడికి గొర్రెలు రావు అన్నాడు.

చెప్తానని మాటిచ్చినా సార్. మీరు కాపలా మనుషులకు ఆర్డరు కాగితం ఇస్తే, ఊరి మొదట్లో పెట్టే బోర్డు నేను రాసిస్తా, రేకు, రంగు, కూలీ అన్నీ నావే, తెలుగులో పెద్ద అక్షరాలతో, దూరం నుంచి కనపడేటట్టు. గుండు దగ్గర మాత్రం పెట్టొద్దు, ఊళ్ళోనే పెట్టాల. ఆదివారం అయితే నాకు వీలు, మామూలు రోజు రమ్మన్నా పని ఆపుకుని వస్తా.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి ఒక రంగుల పనివాడు